పదిహేనో పిట్ట

జనవరి 12
పంపుహౌస్ క్వార్టర్స్

అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఇక్కడ నా మోకాళ్లు, మీ పెద్దమ్మ సణుగుడు ఎప్పటిలాగే ఉన్నాయి కాబట్టి మేం బాగున్నట్టే లెక్క.

డిసెంబరు కాగితాలు పదమూడూ పుస్తకంలోకి ఎత్తి రాసుకుని ఇందులో పెట్టాను. వారానికి మూడు రోజులు, తెల్లవారిన అరగంటకి, మడుగు గట్టు మీద ఆరు తెల్లరాళ్లు, రాయికి పది నిమిషాలు. ఒక్కరోజూ తప్పలేదు. పదకొండేళ్ల క్రితం నువ్వు కాలేజీ పిల్లగా వచ్చి ఆ రాళ్లకి సున్నం కొట్టించినప్పుడు, రిటైరైనవాడికి పొద్దు పోతుందిలే అని ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ గట్టు ఎక్కకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు.

నీటికోళ్లు దండిగా ఉన్నాయి. గువ్వలకీ లోటు లేదు. లకుముకి పిట్టలు, జీనువాయిలు బాగా పలచబడ్డాయి. రెల్లుజిట్టలు మాత్రం ఈ నెల కూడా సున్నా. అవతలి గట్టున లారీలు మట్టి పోయడం మొదలుపెట్టిన ఏడు పొద్దుటికి పదహారు దాకా ఉండేవి. మరుసటి ఏడు తొమ్మిది, ఆ పైన నాలుగు. ఇప్పుడు వరసగా పద్నాలుగు నెలలు సున్నా. బొటనవేలంత పిట్ట, ఎండుగడ్డి రంగు, రెల్లులో కూర్చుంటే కంటికి ఆనదు. సన్నటి ఈల ఒక్కటే దాని ఆచూకీ. ఆ ఈల లేని గట్టు మీద గంటసేపు నిలబడటం, అలవాటైన మనిషి ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. నవ్వకు.

పంపుహౌస్‌కి కొత్త ఆపరేటర్ వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటాడు. మోటారు గొంతు వినకుండా మోటారు నడుపుతాడట! నేను ముప్పై నాలుగేళ్లు ఆ మోటార్ల పక్కనే నిలబడ్డాను. ఏ బేరింగు అరుగుతోందో చప్పుడుని బట్టి చెప్పేవాణ్ణి. ఈ కాలం వాళ్లకి చెప్పి లాభం లేదు.

నిన్న నువ్వు ఫోన్ చేశావట. ఆ ఫోన్‌తో నా వల్ల కాదు. ఈమధ్య లైన్లు మరీ అధ్వానం, మాటలన్నీ కలిసిపోయి ముద్దలా వస్తాయి. మీ పెద్దమ్మ కూడా వయసు మీదపడి నోట్లోనే మాట్లాడుకుంటోంది. ఏం చెప్పాలన్నా కాగితం మీద చెప్పు.

నీ
పెద్దనాన్న


జనవరి 21

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

బాగున్నానని రాస్తే మీరు నమ్మరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. డిపార్ట్‌మెంట్లో నాకు కొత్త గది ఇచ్చారు. కిటికీ లేదు. పక్షుల మీద పరిశోధన చేసేదానికి కిటికీ లేని గది ఇవ్వాలని ఎవరికి తోచిందో గానీ వాళ్లకి దండం పెట్టాలి. బురద బూట్లతో వరండాలోకి రాకూడదని నోటీసు కూడా అంటించారు. ఆ నోటీసు నా ఒక్కదాని కోసమే, ఎందుకంటే బూట్లకి బురద అంటే పని చేసేది నేనొక్కదాన్నే.

మీ లెక్కతో రాసిన వ్యాసం పత్రికకి పంపి అయిదు నెలలైంది. ఉలుకూ పలుకూ లేదు. మా గైడ్ని అడిగితే "ఓపిక పట్టమ్మా" అంటారు. ఆయన ఆ మాట అనడం ఇది ఎన్నోసారో మీరైతే కాగితం మీద గీతలు పెట్టి ఉంచేవారు.

అసలు సంగతి వినండి. మడుగు మొత్తం పూడ్చి లారీల యార్డు కట్టడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని మునిసిపల్ కమిటీ విచారణ పెట్టింది. మొదటిది ఫిబ్రవరి 12న, ఆఖరిది ఏప్రిల్ 10న. నా దగ్గరున్న సాక్ష్యం మీ పుస్తకమే. మట్టి పోయడం మొదలైన ఏడాది నుంచీ పిట్ట తగ్గుతూ వచ్చింది, కాబట్టి మట్టి ఆపాలి, ఇదీ నా వాదన. మీ చేతిరాత చూసి కమిటీ గుమస్తా కూడా ముచ్చటపడ్డాడు. మీరు పంపిన పుస్తకం జిరాక్సుని వాళ్ల రిజిస్టర్లో ఎక్కించుకున్నారు.

అందుకే కొన్ని అడగాలి. మీరు గట్టెక్కే సమయం ఏమైనా మారిందా? టోపీ కొత్తదా? రాళ్లలో ఏదైనా జరిగిందా? దయచేసి అడిగినవాటికి మాత్రమే జవాబు రాయండి.

పెద్దమ్మని అడిగానని చెప్పండి.

మీ
అమ్మడు


ఫిబ్రవరి 1

అమ్మడికి ఆశీస్సులు.

నువ్వు అడిగినవాటికే రాస్తున్నాను. సమయం మారలేదు. టోపీ అదే, మీ నాన్న కొనిచ్చింది, అంచు చిరిగితే మీ పెద్దమ్మ కుట్టింది. రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, రెండోదాని మీద సున్నం పెచ్చులూడితే నేనే మళ్లీ కొట్టాను.

అడగనిది ఒకటి. లారీల దగ్గర ఉండే సూపర్‌వైజరు మొన్న ఎదురొచ్చి, "పిట్టల్ని లెక్కపెట్టి ఏం చేస్తావ్ పెద్దాయనా?" అన్నాడు. "నువ్వు లారీల్ని లెక్కపెట్టి ఏం చేస్తావో నేనూ అదే చేస్తాను," అన్నాను. దానికి వాడేదో అని పకపకా నవ్వాడు. లారీ ఇంజన్ ఆపకుండా మాట్లాడతాడు వెధవ, ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనూ నవ్వేసి వచ్చాను.

కమిటీ వాళ్లకి నా చేతిరాత నచ్చిందని మీ పెద్దమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను.

నీ
పెద్దనాన్న


ఫిబ్రవరి 16

పెద్దనాన్నగారికి,

నమస్కారాలు కూడా రాయబుద్ధి కావడం లేదు, ఏమీ అనుకోకండి. వారంలో రెండు దెబ్బలు తగిలాయి.

విచారణలో కాంట్రాక్టరు తరపు వకీలు నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. ఆ తర్వాత మీ పుస్తకం జిరాక్సు ఆఖరి పేజీలు తెరిచి, "అమ్మా, మీ లెక్క ప్రకారమే పద్నాలుగు నెలలుగా ఆ పిట్ట అక్కడ లేదు కదా? లేని పిట్టకి మడుగెందుకు?" అన్నాడు. అంతే. హాలంతా నవ్వింది. ఒక సభ్యుడైతే బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. మట్టి వల్ల నష్టం జరిగిందని చూపించబోయి, పూడ్చేయడానికి ఇంకేం అడ్డం లేదని నేనే నిరూపించి వచ్చాను. ఏప్రిల్ 10న కూడా ఆ సున్నాలే ఉంటే అనుమతి ఖాయం అని గుమస్తా మెట్ల మీద నా చెవిలో వేశాడు.

రెండోది పత్రిక నుంచి. ఎవరో పరిశీలకుడు, పేరు చెప్పరు, ఇలా రాశాడు: "రెల్లుజిట్ట పురుగులు తింటుంది, లకుముకి చేపలు తింటుంది, జీనువాయి గింజలు తింటుంది. ఉండే చోట్లూ వేరు. ఈ మూడూ ఒకే తీరున ఎలా తగ్గాయి? మూడింటికీ ఉన్న ఒకే పోలిక సన్నటి గొంతు. ముతక గొంతు పిట్టలేవీ తగ్గలేదు. లెక్కించే విధానంలో ఏమైనా తేడా వచ్చిందేమో చూడండి." కుర్చీలో కూర్చుని ఎన్నైనా రాయొచ్చు. ఒళ్లు మండిపోయింది. వ్యాసం మళ్లీ మొదటికొచ్చింది.

అయినా అడక్క తప్పదు. బాగా గుర్తు చేసుకుని చెప్పండి, ఈ మూడేళ్లలో మీరు లెక్కపెట్టే తీరులో ఏం మారింది? ఎక్కడైనా తొందరపడుతున్నారా? పది నిమిషాలూ నిలబడుతున్నారా?

మీ
అమ్మడు


ఫిబ్రవరి 25

చిరంజీవికి,

పది నిమిషాలూ నిలబడుతున్నానా అని అడిగావు. ఆ వాక్యం చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టి, గట్టు చివరిదాకా నడిచి వచ్చాక గానీ కలం పట్టుకోలేకపోయాను.

పదకొండేళ్లలో తప్పింది నాలుగు రోజులు. ఒకరోజు జ్వరం. ఒకరోజు గట్టు తెగింది. రెండు రోజులు మీ నాన్న పోయినప్పుడు. మూడో రోజు నా తమ్ముడి ఫొటో ముందు నుంచి లేచి రాళ్ల దగ్గరికే వెళ్లాను, ఆ సంగతి నీకు తెలుసు.

మొదటి ఏడాది గుర్తుందా? "పోయిన వారం ఆరు ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయిలే" అని ఈ వారం కూడా ఆరు వేసేశాను. నువ్వు కాగితం చూసి నన్ను కడిగేశావు. "చెవికి వినపడిందే రాయాలి పెద్దనాన్నా. కంటికి కనిపించింది రాయకూడదు, ఉంటుందనుకున్నది అసలే రాయకూడదు," అన్నావు. ఆ మాట పుస్తకం అట్ట లోపల ఎర్ర సిరాతో రాసుకున్నాను. ఆ రోజు నుంచి గీత దాటలేదు. ఇన్నాళ్లకి నేను బద్ధకస్తుణ్ణి అయ్యానా? సన్న గొంతు పిట్టలు తగ్గితే తప్పు నాదెలా అవుతుంది? వాటినే వెళ్లి అడగమను ఆ పేరులేని పెద్దమనిషిని.

మీ పెద్దమ్మ వేరే పాట మొదలుపెట్టింది. టీ ఫ్లాస్కు పట్టుకుని నాలుగో రాయి దాకా వస్తుంది కదా, అక్కడ రెల్లులో ఏదో సన్నగా ఈల వేస్తోందట. పిట్టల గురించి ఈవిడ నాకు పాఠం చెప్పాలి! కాకికీ గువ్వకీ తేడా తెలియని మనిషి. నోరు మూసుకుని ఫ్లాస్కు ఇవ్వమన్నాను.

ఫిబ్రవరి కాగితాలు పంపుతున్నాను. నమ్మకం లేకపోతే చించెయ్.

పెద్దనాన్న


మార్చి 4

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

మీ మీద నాకు అపనమ్మకం లేదు. ఇంతకుమించి ఇప్పుడేమీ రాయలేను, నాకే పూర్తిగా తెలియదు.

పార్సిల్లో ఒక పెట్టె వస్తుంది. చుట్టుపక్కల చప్పుళ్లన్నీ రికార్డు చేస్తుంది. నాలుగో రాయి పక్కన గుంజకి కట్టి, ఎర్ర బొత్తాం నొక్కండి. వారం తర్వాత లోపలున్న చిన్న కార్డు తీసి పోస్టు చేసి, పార్సిల్లోని రెండోది దాని చోట పెట్టండి. మీ లెక్క మామూలుగా సాగనివ్వండి. ఎందుకని ఇప్పుడు అడగకండి.

పెద్దమ్మ చెప్పిన ఈల మాట నాకు ఇంకాస్త వివరంగా కావాలి. ఆవిడ మీద విసుక్కోకుండా అడిగి రాయండి.

మీ
అమ్మడు


మార్చి 14

చిరంజీవికి,

పెట్టె అందింది. "ఎందుకని అడగకండి" అన్నావు. అడగను. నాకు తెలుసు. ఫ్యాక్టరీల్లో హాజరు గడియారాలు పెడతారు. ముసలాడు గట్టు మీద పది నిమిషాలు నిలబడ్డాడా, మధ్యలో ఇంటికొచ్చి పడుకున్నాడా, దగ్గాడా, గురక పెట్టాడా, అంతా అందులో పడుతుంది. బాగుంది. విను.

అయినా నీ సామాను నిర్లక్ష్యం చేసే రకం కాదు నేను. ముప్పై నాలుగేళ్లలో ఒక్క మోటారు మీద ఒక్క నీటిచుక్క పడనివ్వలేదు. పొద్దున మంచు కురుస్తోంది కదా అని ఆ పెట్టెకి పాత దుప్పటి ముక్క రెండు వరసలు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు తొడిగి, టేపుతో బిగించాను. వారం తర్వాత విప్పితే కొత్త పెళ్లికూతురిలా ఉంది. కార్డు ఇందులో పెట్టాను. కవరు మళ్లీ బిగించాను.

మీ పెద్దమ్మని అడిగాను. "నేను చెప్తే మీరు వినిపించుకుంటారా?" అని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దనాన్న


మార్చి 29

పెద్దనాన్నా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో, చింపిన కాగితాలతో బుట్ట నిండింది. ముందు తేలికైన సంగతి చెప్తాను. మీరు పంపిన మొదటి కార్డులో వారం రోజుల పాటు దుప్పటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అది విని నేను బల్లకి తల కొట్టుకున్నాను. పక్క గదివాళ్లు వచ్చి తలుపు తట్టారు.

పెద్దమ్మకి ఫోన్ చేసి కవర్లన్నీ విప్పించాను. అరగంట మాట్లాడుకున్నాం. లైను చక్కగా ఉంది. పెద్దమ్మ మాట గంట కొట్టినట్టు ఉంది.

రెండో కార్డు, అప్పటిదాకా మీరు రాసిన మార్చి కాగితాలతో కలిపి ఆవిడే పంపింది. విన్నాను. రెల్లుజిట్టలు ఎక్కడికీ పోలేదు పెద్దనాన్నా. అక్కడే ఉన్నాయి. మార్చి 22 పొద్దున మీరు నాలుగో రాయి దగ్గరికి వచ్చిన చప్పుడు కూడా అందులో ఉంది. మీ చెప్పులు, మీ దగ్గు, పెన్సిలు చెక్కుకోవడం, అన్నీ ఉన్నాయి. మీరు నిలబడ్డ ఆ పది నిమిషాల్లో పక్కనే రెల్లుజిట్టలు నలభై ఒక్కసార్లు ఈల వేశాయి. ఆ రోజు కాగితం నా ముందుంది. మీరు సున్నా రాశారు.

మీరు అబద్ధం రాయలేదని నాకు తెలుసు. మీ చెవులకి సన్న చప్పుళ్లు అందడం లేదు. పంపుహౌస్‌లో చేసినవాళ్లకి ఇది వస్తుందట, ముందు సన్నవి పోతాయట, ముతకవి ఉంటాయట. పిట్టల్లో పోయినవేవో ఉన్నవేవో మీ పుస్తకంలో ఆ వరసలోనే ఉన్నాయి. ఆ పేరులేని మనిషి చెప్పింది నిజం. పదకొండేళ్ల లెక్క చేతిలో పెట్టుకుని నేను కొలిచింది మడుగుని కాదు, మిమ్మల్ని. నాకు ఒళ్లు మండుతోంది, ఎవరి మీదో తెలియక ఇంకా మండుతోంది.

ఇక అడగకూడనిది అడుగుతున్నాను. కార్డు తీసుకుని కమిటీ ఆఫీసుకి వెళ్లాను. "ఈ చప్పుడు ఏ మడుగులోదో ఎవరు చూశారు? మా రిజిస్టర్లో ఉన్నది ఆయన పుస్తకం. సున్నాలు తప్పని ఆయనే రాసివ్వాలి," అన్నారు. అంటే మీకు వినపడదని మీరు సంతకం పెట్టాలి. అది అందరి ముందూ చదువుతారు. ఏప్రిల్ 10 లోపు అందకపోతే మడుగు పూడ్చేస్తారు. అందులో ఆ పిట్టలు ఉన్నాయి, ఇప్పుడు గూళ్లు కూడా పెడుతున్నాయి.

కోప్పడండి, తిట్టండి, కానీ జవాబు రాయండి.

అమ్మడు


ఏప్రిల్ 3

పెద్దనాన్నా,

మార్చి ఆఖరి వారం లెక్క కాగితాలు ఇంకా రాలేదు. పదకొండేళ్లలో ఇది మొదటిసారి. రోజూ పోస్టుబాక్సు దగ్గర నిలబడుతున్నాను, వాచ్‌మన్ నన్ను చూసి జాలిపడుతున్నాడు.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. మా గైడ్ మొహం మాడ్చుకున్నారు, మూడేళ్ల పని పోయిందన్నారు. పోనివ్వండి. మీరు రాసివ్వకపోయినా నేను మిమ్మల్ని ఒక్క మాట అనను. నిజంగా అనను. కానీ ఏదో ఒకటి రాయండి.

అమ్మడు


ఏప్రిల్ 5
పంపుహౌస్ క్వార్టర్స్

అమ్మడికి,

నీ పెద్ద ఉత్తరం బీరువాలో బట్టల కింద పెట్టాను, నాకే కనిపించకుండా. నాలుగు రోజులు గట్టెక్కలేదు. మీ పెద్దమ్మ రోజూ ఫ్లాస్కు నింపి బల్ల మీద పెడుతోంది, అదింకా కష్టంగా ఉంది.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక పొద్దున నాలుగో రాయి దగ్గర రెల్లు వంగి ఒక జిట్ట బయటపడింది. నాకు నాలుగడుగుల దూరం. నోరు తెరిచింది. గొంతు ఉబ్బింది. తోక అదిరింది. నాకేమీ వినపడలేదు. పిట్ట మూగదైపోయిందేమో అనుకున్నాను, నమ్ముతావా? మట్టి దుమ్ముకి ఏదో రోగం వచ్చింది, అమ్మడికి రాయాలి అనుకుంటూనే ఇంటికొచ్చాను. వంటింట్లో స్టవ్వు పక్కన కూర్చుని టోపీ తీస్తున్నాను. మీ పెద్దమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి కెటిల్ దించుతూ, "ఇందాకట్నుంచీ ఈల వేస్తుంటే పక్కనే కూర్చుని దించరేం?" అని అరిచింది. అప్పుడు తెలిసింది పిట్ట మూగది కాదు, చెవిటివాణ్ణి నేనని.

ఆ రోజు కాగితంలో రెల్లుజిట్ట దగ్గర సున్నా వేశాను. చెవికి వినపడిందే రాయాలి, కంటికి కనిపించింది రాయకూడదు. నీ రూలే. ఆ రూలు వెనక దాక్కున్నాను. చెప్తే పుస్తకం లాక్కుంటావని భయపడ్డాను. మోటార్లు పోయాయి, తమ్ముడు పోయాడు, ఆ పుస్తకం కూడా పోతే పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు. ఆ పైన లెక్క నిజంగా తగ్గుతోందేమో, లారీలు వచ్చాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీ పెద్దమ్మని నోరు మూసుకోమన్నాను. సిగ్గుగా ఉంది.

నీ మీదా కోపం ఉంది, అది కూడా రాస్తాను. నాలుగేళ్లయింది నువ్వు ఈ గట్టు మీద అడుగుపెట్టి. నా కాగితాల్ని లోకమంతా చూపించావు. ఒక్క పొద్దున వచ్చి నా పక్కన పది నిమిషాలు నిలబడి ఉంటే నీకు ఆ రోజే తెలిసేది.

కమిటీకి రాసిన కాగితం ఇందులో ఉంది. నాలుగు ముక్కలే: "ఈ పుస్తకంలో గత మూడేళ్లుగా సన్న గొంతు పిట్టలకి వేసిన అంకెలు నమ్మవద్దు. నాకు చెవుడు. పిట్టలు ఉన్నాయి, నా కళ్లతో చూశాను. ముందే చెప్పకపోవడం నా తప్పు, మా అమ్మాయిది కాదు." అందరి ముందూ చదవమను. ఆ సూపర్‌వైజరు కూడా వస్తే ఇంకా గట్టిగా చదవమను.

నీ
పెద్దనాన్న


ఏప్రిల్ 13

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

మీరు రాసింది చదివాక ఆ రోజంతా నా పని నేను చేసుకోలేకపోయాను. నాలుగేళ్లు రాకపోవడం గురించి నేను చెప్పుకోగలిగింది ఏమీ లేదు. రాలేదు. అంతే.

పదో తేదీ విచారణలో కమిటీ అధ్యక్షురాలు మీ కాగితం తానే చదివింది. ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు వెనక వరసలో ఉన్నాడు, వాడూ నవ్వలేదు. ఒక్క వకీలు మాత్రం లేచి, "అయితే ఇన్నాళ్లూ చెవిటివారి లెక్క మా నెత్తిన రుద్దారన్నమాట. పెట్టె లెక్క నమ్మం, ఆయన లెక్క నమ్మం. ఇక ఎవరి లెక్క నమ్మాలి?" అన్నాడు.

అరగంట వాదించుకుని ఆరు వారాలు గడువు ఇచ్చారు. అంతవరకు మట్టి పోయకూడదు. అదే పుస్తకంలో, అవే ఆరు రాళ్ల దగ్గర, అదే పద్ధతిలో మనిషి విని రాసిన లెక్క, రోజూ సంతకంతో కావాలట. అది చూసి నిర్ణయిస్తారు. అది లేకపోతే పెట్టె కార్డులు నెయ్యి పెట్టి వేయించుకోమన్నట్టే మాట్లాడారు.

డిపార్ట్‌మెంట్లో మనిషిని అడిగాను. లేరన్నారు. నాకు సెలవు అడిగాను. పరీక్షల డ్యూటీ ఉంది, మే 10 దాకా కదలడానికి వీల్లేదన్నారు. గట్టిగా అరిచి వచ్చాను, ఏమీ లాభం లేకపోయింది. ఇన్ని చేసి, మీ చేత ఇంత మాట రాయించి, చివరికి ఆ గట్టు మీద నిలబడటానికి రెండు చెవులు దొరకలేదు.

లెక్క ఆపేయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కొనసాగించమని ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు.

మే 11 పొద్దున మీ గట్టు మీద ఉంటాను. ఇది మాత్రం తప్పదు.

మీ
అమ్మడు


ఏప్రిల్ 24
పంపుహౌస్ క్వార్టర్స్

అమ్మడికి ఆశీస్సులు.

కాగితాలు మూడు పంపుతున్నాను. చదివే ముందు పద్ధతి వినాలి, ఎందుకంటే మార్చాను. నువ్వు ఒప్పుకుంటేనే కమిటీకి ఇవ్వు.

నీ ఉత్తరం ఈసారి బీరువాలో పెట్టలేదు, బల్ల మీద పెట్టాను. మీ పెద్దమ్మ చదివింది. చదివి, ఫ్లాస్కు తీసి పక్కన పెట్టి, నా పాత స్వెటరు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడింది. "నాకు పిట్టల పేర్లు తెలియవు. కానీ పక్కింట్లో పాలు పొంగితే ఇక్కడ నాకు వినపడుతుంది. పదండి," అంది. నా చెవి దగ్గరికొచ్చి అరిచి చెప్పింది కాబట్టి ప్రతి ముక్కా అందింది.

రెండు రోజులు నువ్వు తిప్పి పంపిన కార్డు చప్పుడు కొత్త ఆపరేటర్ ఫోన్లో పెట్టించుకుని విని నేర్చుకుంది. చెవుల్లోంచి దూది తీసి మరీ పెట్టాడు. దూది మానొద్దని వాడికి చెప్పాను.

మూడో రోజు గట్టెక్కాం. రాయి దగ్గర నేను ముందు, తను నా వెనక. ఎడమ వైపు కొత్త పిట్ట కూస్తే నా ఎడమ భుజం మీద వేలితో ఒకసారి తడుతుంది. కుడి అయితే కుడి భుజం. ఎదురుగా అయితే నడినెత్తి మీద. అదే పిట్ట మళ్లీ కూస్తే తట్టకూడదు. నేను కాగితం మీద గుండ్రం గీసి, ఏ వైపున తట్టితే ఆ వైపున చుక్క పెడతాను. ఒక పిట్టని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం లేదు. మధ్యలో మాటల్లేవు. నలభై ఏడేళ్ల కాపురంలో మేం ఇద్దరం గంటసేపు పోట్లాడకుండా నిలబడింది ఇదే మొదలు.

మొదటి రాయి రెండు. రెండోది సున్నా. నిజం సున్నా, అడిగి మరీ చూసుకున్నాను. మూడోది మూడు. నాలుగోదాని దగ్గర తన వేలు ఎడమా కుడీ నెత్తీ తిరుగుతూనే ఉంది, నన్ను మొట్టికాయలు వేస్తోందేమో అనుకుని వెనక్కి చూశాను. కళ్లు మూసుకుని వింటోంది. అక్కడ ఆరు. అయిదోది ఒకటి. ఆరోది రెండు. మొత్తం పద్నాలుగు. పుస్తకంలో ఆ అంకె రెండుసార్లు దిద్దాను, చేతిరాత బాలేదని అనుకోకు. కింద రెండు సంతకాలు ఉన్నాయి. విన్నది తను, రాసింది నేను అని రాశాం. మీ పెద్దమ్మ సంతకం పెట్టి చాలా ఏళ్లయిందట, నాలుగుసార్లు వేరే కాగితం మీద దిద్దుకుని పెట్టింది. అట్ట లోపల ఎర్ర సిరా రూలు అలాగే ఉంచాను. చెవి ఎవరిదో నువ్వు చెప్పలేదు కదా.

నువ్వు మే 11న రా. బురద బూట్లతోనే లోపలికి రావచ్చు.

ఇంకొకటి. ఆఖరి రాయి దగ్గర పది నిమిషాలూ అయిపోయి గడియారం మూసి, పెన్సిలు జేబులో పెట్టేశాను. అప్పుడు నా కుడి భుజం మీద ఇంకోసారి తట్టింది. సమయం దాటాక వినపడింది రాయకూడదు కాబట్టి ఆ పదిహేనోదాన్ని రాయలేదు. కానీ ఉంది. నీకు చెప్తున్నాను.

నీ
పెద్దనాన్న